మా మామగారు సరే అనరు

మా మామగారికున్న జబ్బు ఒక్కటే. ఆయన ఎవరికీ, ఎప్పుడూ, దేనికీ "సరే" అనరు. పొగరుబోతు అనుకునేరు, కాదు. చాలా మెత్తటి మనిషి. చీమ కుడితే దాని దారికి తనే అడ్డం వెళ్ళానేమోనని నొచ్చుకునే రకం. కానీ సరే మాత్రం అనరు.

సరే అన్నది మీకూ నాకూ రెండక్షరాల మాట. ఆయనకు అది సంతకం, ముద్ర, ఇద్దరు సాక్షులు. ఒకరు ఏదైనా ఇస్తానంటే అది ప్రతిపాదన. రెండోవారు సరే అంటే అది అంగీకారం. రెండూ కలిస్తే ఒప్పందం. ఒప్పందం అయ్యాక ఇక వెనక్కి పోవడం ఉండదు. అందుకని ఆయన ముందునుంచే జాగ్రత్తగా ఉంటారు. "వాన పడేలా ఉంది కదండీ" అని ఎవరైనా పలకరిస్తే "మీ అభిప్రాయం విన్నాను" అంటారు. వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరూ ఒప్పందంగారు అనే పిలుస్తారు. ఆ పేరుకు కూడా ఆయన ఇంతవరకు ఒప్పుకోలేదు. పిలిస్తే మాత్రం పలుకుతారు.

ఈ జబ్బు ఆయనకు ఒక లాయరుగారి ఆఫీసులో అంటుకుంది. అక్కడ పన్నెండేళ్ళు టైపిస్టుగా పనిచేశారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అమ్మకం కాగితాలు, కొనుగోలు కాగితాలు, "ఇందుమూలముగా" అని మొదలయ్యే సకల కాగితాలు. ఆ లాయరుగారు సాయంత్రం కోటు విప్పి మేకుకు తగిలిస్తే చట్టాన్ని కూడా దాంతోపాటే తగిలించి ఇంటికి వెళ్ళిపోయేవారట. మామగారికి విప్పడానికి కోటు లేదు. లాయరుగారి ఆఫీసు మూసేశాక ఆయన కుట్టు మిషన్ల దుకాణం పెట్టారు. వాడేసిన మిషన్లు కొని, విప్పి, తుప్పు గీకి, నూనె పోసి, బాగుచేసి అమ్ముతారు. చేతులు మిషన్లకు అలవాటు పడ్డాయి గానీ నోరు లాయరాఫీసులోనే ఉండిపోయింది.

నేను అల్లుడినైన కొత్తలో ఒక సాయంత్రం అత్తగారు టీ కప్పు పట్టుకుని వచ్చారు.

"టీ తాగుతారా?"

"అడుగుతున్నావా, ఇస్తానంటున్నావా?" అన్నారు మామగారు.

"రెండిటికీ తేడా ఏముంది?"

"అడిగితే ఊరికే విచారణ. ఇస్తానంటే ప్రతిపాదన."

"ఇస్తానంటున్నాను."

"ఎప్పటిదాకా అమల్లో ఉంటుంది?"

"చల్లారేదాకా."

మామగారి ముఖం విప్పారింది. గడువు పెట్టిన ప్రతిపాదన అంటే ఆయనకు ప్రాణం. "అయితే చక్కెర కాస్త తగ్గించి ఇస్తే తాగుతాను," అన్నారు.

అత్తగారు కప్పుతో సహా వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

"అదేమిటి, తీసుకెళ్ళిపోయావు?"

"చక్కెర తగ్గించమన్నారు కదా. అది ఎదురు ప్రతిపాదన. దాంతో నాది రద్దయిపోయింది. మీ దాని సంగతి ఆలోచించుకుంటున్నాను," అని లోపలినుంచి వినిపించింది. ఆ వెంటనే టీ జుర్రుతున్న చప్పుడు కూడా వినిపించింది.

మామగారు నావైపు తిరిగి, "చూశావా అల్లుడూ, ఎంత బాగా పట్టేసిందో," అన్నారు. పోయిన టీ గురించి దిగులు ఏ కోశానా లేదు, కళ్ళనిండా గర్వమే.

అసలు నేను అల్లుడినైన విధానం కూడా చెప్పాలి. మా అమ్మ కుట్టు మిషను బాగుచేయించడానికి ఆ దుకాణానికి వెళ్ళాను. అక్కడ వాళ్ళమ్మాయి బెల్టు కొలిచి కోస్తోంది. ఆ మిషను ఒక్కసారే పాడైంది గానీ నేను మాత్రం ఆరుసార్లు తీసుకెళ్ళాను. ఏడోసారి మిషను లేకుండా వెళ్ళి, చెమటలు తుడుచుకుంటూ, "మీ అమ్మాయిని పెళ్ళి చేసుకుంటానండీ," అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "విన్నాను," అన్నారు. అంతే. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి, ఉలుకూ పలుకూ లేదు. మూడోవారం నా గుండె జారిపోయింది. వెంటనే వెళ్ళి దుకాణం గుమ్మంలో నిలబడి, "ఆరోజు ఏదో తొందరపడి అడిగాను, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, మరిచిపోండి," అన్నాను.

"ఆలస్యమైంది," అన్నారు ఆయన.

"ఏం ఆలస్యమండీ?"

"నిన్న పదకొండున్నరకు నా అంగీకారం రాసి పోస్టు డబ్బాలో వేశాను. ఉత్తరం డబ్బాలో పడిన క్షణం నుంచి నువ్వు కట్టుబడ్డట్టే. అందిందా లేదా అన్నది తపాలావాళ్ళ గొడవ."

మా ఇంటికీ ఆ దుకాణానికీ రెండు వీధులు దూరం. ఉత్తరం నాలుగు రోజుల తర్వాత వచ్చింది. అందులో షరతులు తొమ్మిది, అన్నీ నేను ఆరోగ్యం ఎలా చూసుకోవాలన్నవే. చివర "అనుబంధం" అని ఒక చిన్న చీటీ పిన్నుతో గుచ్చి ఉంది. దానిమీద గుండ్రటి అక్షరాలతో "నాకు ఎప్పుడో ఇష్టం. ఆ మిషనుకు ఏ రోగమూ లేదని రెండోసారే తెలుసు" అని రాసి ఉంది. ఆమే ఇప్పుడు మా ఆవిడ.

నేను గడియారాల కంపెనీలో పద్దెనిమిదేళ్ళు పనిచేశాను. అది మూతపడిన రోజు మామగారు వచ్చి, "దుకాణంలో పనిచేస్తావా?" అని అడిగారు. నేను ఠక్కున సరే అన్నాను. ఆయన తల పట్టుకున్నారు.

"జీతమెంతో అడగలేదు. పనేమిటో అడగలేదు. సెలవులున్నాయో లేవో అడగలేదు. ఇట్లా సరే అనే కదా అందరూ కొంప ముంచుకునేది," అని, నా తరఫున ఆయనే బేరమాడి, ఆయనే కాదని, మళ్ళీ నా తరఫున ఆయనే అలిగి, చివరికి నేను అడగడానికి సిగ్గుపడేంత జీతానికి తల ఊపారు. తల ఊపితే సరే అన్నట్టే కదా అని అడిగితే, మెడ పట్టేసిందన్నారు.

అలా దుకాణంలో చేరాను. కిటికీలో వరసగా మిషన్లు, ఒక్కోదానికి ధర చీటీ, అన్నిటికీ కలిపి ఒక పెద్ద అట్ట. దానిమీద "ఇవి అమ్ముతామని మాట ఇచ్చినట్టు కాదు. వచ్చి చూడమని పిలవడం మాత్రమే" అని ఉంటుంది. ఒకాయన లోపలికి వచ్చి, "బయట రాసిన ధర ఇదిగో, ఆ మూలది ఇచ్చేయండి," అంటే మామగారు చేతులు వెనక్కి పెట్టుకుని, "ఇప్పుడు మీరు ప్రతిపాదించారు. ఒప్పుకోవాలా వద్దా అన్నది నేను చూసుకోవాలి. ముందు చెప్పండి, దాంతో ఏం కుడతారు?" అంటారు. గుడారాల గుడ్డ కుడతానంటే ఆ సుకుమారమైన మిషను ఇవ్వరు. "డబ్బులిస్తానంటే ఇవ్వనంటారేమిటండీ?" అని కొందరు తిట్టుకుంటూ పోయేవాళ్ళు. వాళ్ళలో సగంమంది వారం తిరక్కుండా వచ్చి, ఆయన చెప్పిందే కొనుక్కుని పోయేవాళ్ళు.

ప్రతి మిషనుకీ ధర చీటీ పక్కనే ఇంకో చీటీ కూడా ఉంటుంది. అది దాని లోపాల జాబితా. "ముందుకు చక్కగా పోతుంది. వెనక్కి రమ్మంటే రాదు." "చప్పుడు ఎక్కువ. పక్కింటివాళ్ళతో సఖ్యత ఉన్నవారే కొనవలెను." "మందపాటి గుడ్డ చూస్తే అలుగుతుంది." ఇలా రాసుకుంటే ఎవరు కొంటారండీ అని నేను ఏడ్చేవాణ్ణి. వస్తువు వర్ణనకు సరిపోవాలి అనేవారు ఆయన. చిత్రమేమిటంటే ఒక్కరు కూడా మిషను వెనక్కి తెచ్చి ఇచ్చినవారు లేరు.

ఇవన్నీ భరించాను. నన్ను కుంగదీసినవి రెండు, ఒకటి గడియారం, రెండు గుండీలు.

దుకాణం గోడకు ఒక పాత లోలకం గడియారం ఉంది. అది నెలకు రెండు మూడుసార్లు ఆగిపోతుంది. నేను రోజూ నాలుగింటికి పిల్లల్ని బడినుంచి తీసుకురావడానికి వెళ్ళిపోతాను, వెళ్ళేటప్పుడు బాగానే ఉంటుంది. మర్నాడు పొద్దున వచ్చేసరికి ఐదింటికి కాస్త ముందు ఆగిపోయి ఉంటుంది. మూత విప్పి చూస్తే ఏ లోపమూ కనపడదు. పళ్ళచక్రాలు బాగుంటాయి, స్ప్రింగు బాగుంటుంది. లోలకాన్ని వేలితో తోస్తే చాలు, బుద్ధిగా నడుస్తుంది. గడియారాల మనిషినైన నాకు ఇంతకంటే అవమానం ఉంటుందా. పైగా మామగారు పక్కనుంచి, "మీ కంపెనీ ఎందుకు మూతపడిందో నాకిప్పుడు అర్థమవుతోంది," అనేవారు.

ఇక గుండీలు. ఆయన బల్లమీద ఒక గాజు సీసా ఉంటుంది, దానిలో సగందాకా గుండీలు. ఎవరైనా వచ్చి, "ఆ మిషను నాకు కావాలండీ, ఇప్పుడు కొనలేను, నెలాఖరుకు వస్తాను, అందాకా ఎవరికీ ఇవ్వకండి," అంటే చాలు, మామగారు చెయ్యి చాపి, "ఒక గుండీ ఇవ్వండి," అంటారు. వాళ్ళు బిత్తరపోయి జాకెట్టు చేతిదో చొక్కాదో ఒక గుండీ తెంపి ఇస్తారు. దానికి దారంతో ఒక చీటీ కట్టి సీసాలో పడేస్తారు. లోకంలో కొందరికి స్టాంపుల పిచ్చి, కొందరికి నాణేల పిచ్చి, ఈయనకు గుండీల పిచ్చి అని సరిపెట్టుకున్నాను. ఒక్క చీటీ అయినా విప్పి చదవలేదు. అదే నేను చేసిన తప్పు.

ఒక శుక్రవారం పొద్దున మామగారు ఎవరింట్లోనో మిషను బిగించి రావడానికి వెళ్ళారు. నేనొక్కణ్ణే ఉన్నాను. పెద్ద బట్టల షోరూము నడిపే ఒకాయన లోపలికి వచ్చారు. మెరిసే బూట్లు, మంచి మాటకారి. నేరుగా మూలనున్న పాత నల్ల మిషను దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. ఒంటిమీద బంగారు రంగు తీగెలూ పువ్వులూ, ఇనుప ఒళ్ళు, ఇద్దరు పడితే గానీ లేవదు.

"పనిచేస్తుందండీ," అన్నాను.

"చేయకపోయినా ఫరవాలేదు. మా షోరూము అద్దాల వెనక అలంకారానికి పెడతాను. చీటీ మీద ఉన్న ధరకు ఆరు రెట్లిస్తాను. దీంతోపాటు ఆ గోడ గడియారం కూడా ఇచ్చేయండి, రెండూ పక్కపక్కన బాగుంటాయి."

"అది ఆగిపోతూ ఉంటుందండీ."

"ఆగితే ఆగనివ్వండి. ఎవరు టైము చూస్తారు?"

ఆరు రెట్లు అన్నది నా బుర్రలో గిర్రున తిరుగుతోంది. "సరే," అన్నాను. అని, ఆ గడియారం మామగారికి ప్రాణమని గుర్తొచ్చి, "కానీ గడియారం ఇవ్వలేం, మిషను ఒక్కటే," అన్నాను. ఆయన గడ్డం గోక్కున్నారు. "రెండూ కలిసి ఉంటేనే అందం. సర్లెండి, ఆలోచించి మధ్యాహ్నం ఫోన్ చేస్తాను," అని వెళ్ళిపోయారు.

ఒంటిగంటకు మామగారు వచ్చారు, అత్తగారు భోజనం క్యారియర్‌తో వచ్చారు. నేను ఛాతీ విరుచుకుని విషయం చెప్పాను.

మామగారు నేరుగా సీసా దగ్గరికి వెళ్ళి, మూత తీసి, వెతికి వెతికి ఒక తెల్ల గుండీ పైకి తీశారు. దానికి కట్టిన చీటీ నా చేతిలో పెట్టారు. "మూలనున్న నల్ల మిషను, చీటీపై ఉన్న ధరకే, శుక్రవారం సాయంత్రం, ఈ దుకాణం గోడ గడియారం ప్రకారం ఐదు గంటలవరకు, లాండ్రీలో చిరుగులు కుట్టే ఆవిడ కోసం ఉంచబడును. ప్రతిఫలం: గుండీ ఒకటి, ముట్టినది." తారీఖు చూశాను. అది ఆ శుక్రవారమే.

"ఆవిడకు ఆసుపత్రి దుప్పట్లు కుట్టే పని దొరికింది," అన్నారు మామగారు. "సోమవారం మొదలు. సొంత మిషను ఉన్నవాళ్ళకే ఇస్తారు. దుప్పటి అంచు నాలుగు మడతలు. మన దగ్గర అంత మందం తొక్కగలిగింది ఇదొక్కటే. నెలరోజులుగా కూడబెడుతోంది. మిగతాది ఇవాళ జీతం అందాక తెస్తానంది."

చీటీ మళ్ళీ చదివాను. "నాకు తెలియదు మామయ్యగారూ. ఆరు రెట్లు అనేసరికి..."

"ఎన్ని రెట్లు?"

"ఆరు."

ఆయన స్టూలు మీద కూలబడి మంచినీళ్ళు అడిగారు. తాగాక నెమ్మదిగా అన్నారు. "అందుకే గుండీ పుచ్చుకునేది. ఉంచుతాను అని ఊరికే అంటే అది ఉత్త మాట. చట్టం ప్రకారం ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. నా సంగతి నాకు తెలుసు అల్లుడూ. ఎవడో వచ్చి ఆరు రెట్లంటే నా మనసు కూడా ఊగుతుంది. గుండీ ఒకటి పుచ్చుకున్నాననుకో, ప్రతిఫలం ముట్టినట్టే. ఇక వెనక్కి పోవడానికి నాకు దారి ఉండదు."

తొమ్మిదేళ్ళుగా ఆ సీసాను చూసి నవ్వుకున్నవాణ్ణి, ఆ క్షణంలో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఇప్పుడు ఏడ్చి లాభం లేదు," అన్నారు అత్తగారు క్యారియర్ పక్కన పెట్టి. "బాబూ, నువ్వు ఏమన్నావో, అతనేమన్నాడో మాట పొల్లుపోకుండా చెప్పు. నేను ఆ షోరూము మనిషిని అనుకో. కానియ్."

అత్తగారు మిషను పక్కన దర్జాగా నిలబడ్డారు. నేను పొద్దుటి నాటకమంతా మళ్ళీ ఆడాను. "సరే" దగ్గరికి వచ్చేసరికి మామగారు కళ్ళు మూసుకున్నారు. "కానీ గడియారం ఇవ్వలేం" అనగానే ఒక్కసారిగా తెరిచారు.

"ఆగు. ఆయన రెండూ కలిపి అడిగాడు. నువ్వు ఒకటే ఇస్తానన్నావు."

"అవునండీ."

"అయితే అది సరే కాదు," అన్నారు అత్తగారు. "చక్కెర తగ్గించిన టీ."

"ఎదురు ప్రతిపాదన," అన్నారు మామగారు లేచి నిలబడి. "దానికి ఆయన ఇంకా ఒప్పుకోలేదు. ఆయన ఒప్పుకునేలోపు మనం వెనక్కి తీసుకోవచ్చు. కానీ ఆ సంగతి ఆయన చెవిన పడాలి."

ఆయన సైకిలు ఎక్కడం నేను పెళ్ళయ్యాక చూడలేదు. ఆరోజు చూశాను. భోజనం అలాగే ఉంది, కళ్ళజోడు బల్లమీదే ఉంది, మనిషి మాత్రం వీధి మలుపు దాటిపోయారు.

పావుగంటకు ఫోన్ మోగింది. నేను అలవాటుకొద్దీ చెయ్యి చాపాను. అత్తగారు నా చెయ్యి పక్కకు నెట్టి, రిసీవర్ మీద తన చెయ్యి పెట్టి గట్టిగా నొక్కారు.

"ఎత్తకు. ఎత్తితే వినాలి. వింటే బేరం కుదిరిపోతుంది."

"వేరే ఎవరైనా అయితే?"

"వేరే ఎవరైనా అయితే మళ్ళీ చేస్తారు."

ఫోన్ మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది, మధ్యలో తెగినట్టు ఆగిపోయింది. మేమిద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాం. మూడున్నరకు మామగారు తిరిగి వచ్చారు. ఆయన వెనకాలే షోరూమాయన కూడా తన బండిలో దిగారు.

"నేను మీకే ఫోన్ చేస్తున్నానండీ," అన్నారాయన నాతో. "గడియారం లేకపోయినా తీసుకుంటానని చెబుదామని. ఈయన ఊడిపడి 'వెనక్కి తీసుకుంటున్నాం' అన్నారు. నమస్కారం ఆ తర్వాత పెట్టారు."

"మరి మీరెందుకు వచ్చారండీ?" అన్నాను.

"ఎందుకు వెనక్కి తీసుకుంటున్నారంటే ఉన్నదున్నట్టు చెప్పారు. ఐదింటిదాకా వేరొకరికి మాట ఉందట. ఐదు దాటితే లేదు కదా. ఇక్కడే కూర్చుంటాను. ఐదు కొట్టగానే ఎనిమిది రెట్లు."

ఆయన స్టూలు లాక్కుని గడియారానికి ఎదురుగా కూర్చున్నారు. నేను పిల్లల్ని తీసుకురమ్మని మా ఆవిడకు ఫోన్ చేసి అక్కడే ఉండిపోయాను. తప్పు చేసినవాణ్ణి, ఎలా వెళ్తాను. నాలుగైంది. నాలుగున్నరైంది. లాండ్రీ ఆవిడ జాడ లేదు. నేను గుమ్మంలోకి వెళ్ళి చూసి, మళ్ళీ వచ్చి, మళ్ళీ వెళ్ళాను. మామగారు మాత్రం నల్ల మిషనుకు తాపీగా నూనె పోస్తున్నారు. ఎనిమిది రెట్ల మాట ఆయన చెవిన పడిందో లేదో కూడా తెలియలేదు.

ఐదుకు పది నిమిషాలుందనగా ఆయన చేతులు తుడుచుకుని షోరూమాయన దగ్గరికి వచ్చారు. "కాస్త లేస్తారా? స్టూలుతో పనుంది."

ఆయన లేచారు. మామగారు ఆ స్టూలును గోడ దగ్గరికి జరిపి, పైకెక్కి, భుజం మీది గుడ్డతో గడియారం దుమ్ము తుడవడం మొదలుపెట్టారు. పైన తుడిచారు, పక్కన తుడిచారు, అద్దం తలుపు తెరిచి లోపల కూడా తుడిచారు. తలుపు మూసి, దిగి, స్టూలు మళ్ళీ యథాస్థానంలో పెట్టి, "కూర్చోండి," అన్నారు మర్యాదగా.

నేను తలెత్తి చూశాను. లోలకం కదలడం లేదు. ముల్లు ఐదుకు ఏడు నిమిషాల ముందు నిలబడి ఉంది.

తొమ్మిదేళ్ళు. ఎన్నిసార్లు మూత విప్పానో, ఎన్నిసార్లు పళ్ళచక్రాలు లెక్కపెట్టానో, ఎన్నిసార్లు మా కంపెనీని ఆయన నోట తిట్టించుకున్నానో. ఆ గడియారానికున్న రోగం దుమ్ము గుడ్డ. మామగారివైపు చూశాను. ఆయన దారపు ఉండల వైపు చూస్తున్నారు.

కాసేపటికి షోరూమాయన చేతి గడియారం చూసుకున్నారు. "నా దాంట్లో ఐదుంబావు అయిందండీ."

"అలాగా," అన్నారు మామగారు.

"మీ గోడ గడియారం ఆగిపోయింది."

"అప్పుడప్పుడు ఆగుతుంది. మా అల్లుడు బాగుచేస్తూనే ఉన్నాడు, పాపం."

ఆయన నావైపు తిరిగారు. "ఏమండీ, నిజమేనా?"

"చాలా మొండి రోగమండీ," అన్నాను. "విడిభాగం దొరకడం లేదు."

"ఇదేం న్యాయం? ఐదు దాటింది కదా."

"ఒప్పందంలో ఈ గోడ గడియారం ప్రకారం అని రాసి ఉంది," అన్నారు మామగారు చీటీ చూపిస్తూ. "మీ చేతి గడియారం ఇందులో పార్టీ కాదు."

షోరూమాయన ఆ చీటీ చదివారు. సీసా చూశారు. మామగారి భుజం మీద గుడ్డ చూశారు. ఆయన వ్యాపారి, అర్థం చేసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. గట్టిగా నవ్వేసి, "అయితే ఈ ఐదు ఎప్పుడు కొడుతుందో చూసే పోతాను," అని కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. అత్తగారు ఆయనకు టీ ఇచ్చారు. ఆయన ఏ షరతూ లేకుండా తాగేశారు.

ఆరూ పదికి లాండ్రీ ఆవిడ వచ్చింది. పరిగెత్తుకు వచ్చినట్టుంది, మాట రావడం లేదు. జాకెట్టు చేతికి ఒక గుండీ లేదు, అక్కడ పిన్నీసు పెట్టుకుంది.

"జీతాలు ఆలస్యం చేశారండీ. ఐదు ఎప్పుడో దాటిపోయింది. మీరు ఇచ్చేసే ఉంటారు. ఊరికే ఒకసారి చూసి పోదామని వచ్చాను," అంది, మూలకు చూడటానికి భయపడుతూ.

మామగారు గోడవైపు చూశారు. "ఇంకా ఏడు నిమిషాలుందమ్మా. కూర్చో. మంచినీళ్ళు తాగి చెప్పు."

ఆవిడ గడియారాన్ని చూసింది. మమ్మల్ని చూసింది. నీళ్ళు తాగడం కూడా మరిచిపోయి, "కొంటానండీ," అంది, కవరు బల్లమీద పెట్టి.

"సరే," అన్నారు మామగారు.

ఆయన ఒకరికి ఆ మాట అనగా నేను వినడం అదే మొదలు.

"మన పెళ్ళికి కూడా ఈ మాట అనలేదు," అన్నారు అత్తగారు.

"ఉత్తరం రాశాను కదా," అన్నారు మామగారు.

ఆ తర్వాత ఆవిడ చేత దుప్పటి గుడ్డ నాలుగు మడతలు పెట్టించి, తొక్కించి చూపించారు. కుట్టు గీత గీసినట్టు పడింది. ఆవిడ ఆ కుట్టును వేలితో తడుముతూ చాలాసేపు కూర్చుంది. మిషను ఎలా తీసుకెళ్తావమ్మా అంటే బిక్కమొహం వేసింది. షోరూమాయన లేచి, "నా బండి ఖాళీగానే ఉంది, దింపేసి పోతాను," అన్నారు.

"షరతులేమిటి?" అన్నారు మామగారు.

"ఏమీ లేవు."

"అయితే అది బహుమతి. ప్రతిఫలం అక్కర్లేదు."

ఆయన్ను వట్టి చేతులతో పంపడం మామగారికి మనస్కరించలేదు. అటక మీదనుంచి ఇంకో నల్ల మిషను దింపించారు. పువ్వులు దీనికే ఎక్కువ. దాని చీటీ మీద "ఏ పనీ చేయదు. ఇకముందు కూడా చేయదు. చూడటానికి మాత్రం బహు సొగసు" అని ఉంది. మీ అవసరానికి తగిన వస్తువు ఇదే అని మామూలు ధరకే ఇచ్చారు. షోరూమాయన ఆ చీటీతో సహా అద్దాల వెనక పెట్టారు. జనం మిషను కంటే ఆ చీటీనే ఎక్కువ చదువుతున్నారని విన్నాను.

అందరూ వెళ్ళాక నేను స్టూలు గోడ దగ్గరికి జరిపాను.

"గడియారం నడిపించనా మామయ్యగారూ?"

"అది ప్రతిపాదనా?"

"అవునండీ."

ఆయన సీసావైపు చూశారు. "సోమవారం సాయంత్రం దాకా గడువు కావాలి."

నేనూ సీసావైపు చూశాను. పైనే ఒక నీలం గుండీ ఉంది, దాని చీటీ మీద సోమవారం తారీఖు ఉంది. స్టూలు దిగాను. ఆయన తన చొక్కా కింది గుండీ పట్టుకుని ఒక్క లాగు లాగి, నా అరచేతిలో పెట్టారు.

"ఇదెందుకండీ?"

"గడువిచ్చావు కదా, ఊరికే పుచ్చుకుంటానా. ఇక నువ్వు మాట తప్పడానికి లేదు."

"ఆ గుండీ మళ్ళీ కుట్టాల్సింది నేనే," అన్నారు అత్తగారు. "నన్నెవరు అడిగారు?"

ఆ గుండీ ఇప్పటికీ నా సొరుగులో ఉంది. గడియారాన్ని నేను మంగళవారం నడిపించాను. ఆ తర్వాత అది చాలాసార్లు ఆగింది, నేను మాత్రం మూత విప్పలేదు. సీసాలో ఆరోజు తారీఖు ఉన్న చీటీ కనిపిస్తే దుమ్ము గుడ్డ ఉతికి, స్టూలు మీద ఆరేసి, నాలుగింటికి పిల్లల కోసం వెళ్ళిపోతాను.